అది వాన కాదు సార్

ప్రతి సోమవారం మీటింగులో
ఎవరో ఒకరు అడుగుతారు,
"సుభాషిణీ, మీవైపు వానా?"
వాన కాదు సార్.
రొయ్యల గుంటలో ఏరియేటర్లు.
నీళ్లకి ఊపిరి పోస్తున్నాయి.

ఇందుకూరుపేట దాటి ఇంకా తూర్పుకి,
సముద్రం వాసనే తప్ప సముద్రం కనపడని చోట
మోటారు షెడ్డులో నా ఆఫీసు.
ఇంట్లో తలుపు దాకా కూడా రాని సిగ్నలు
ఈ గట్టు మీద మూడు గీతలు నిలబడుతుంది.
రెండు మేత బస్తాలు పేరిస్తే బల్ల,
మా ఆయన కావిలికి పడుకునే నులకమంచం కుర్చీ.
తెర మీద నా వెనకాల
పుస్తకాల బీరువా బొమ్మ పెట్టుకుంటాను.
ఒక్కోసారి నా చెవి ఆ బీరువాలో కలిసిపోతుంది.

నా పని విరిగిన ఎముకలకు నంబర్లెయ్యడం.
ఎక్కడో ఎవరో మెట్ల మీంచి జారతారు,
ఎడమ మణికట్టు, దానికో కోడు.
కుక్క కరిస్తే ఒకటి, బాతు కరిస్తే ఇంకొకటి.
బాతు కోడు చూసిన రోజు పగలబడి నవ్వాను.
పక్కన ఎవరూ లేరు.
ఆ బాతుని పొద్దుగూకేదాకా దాచి
మా ఆయనకి చెబితే
"బాతు యాడన్నా కరస్తదా" అని
మేత చల్లడానికి పోయాడు.

మూడేళ్లు నెల్లూరు పోయొచ్చినదాన్ని.
షేర్ ఆటోలో సగం ఒళ్లు లోపల, సగం బయట,
మైపాడు గేటు దగ్గర రోజూ ఇంత ఆయుష్షు ఖర్చు.
ఇప్పుడా డబ్బు మిగిలింది, నడుము మిగిలింది.
అబద్ధమెందుకు, సుఖంగానే ఉంది.
కానీ ఒంటిగంటకి క్యారియరు మూత తీస్తే
నాలుగు చేతులు రావు.
నా చింతకాయ పచ్చడి నేనే తిని
నేనే బాగుందనుకోవాలి.
మెహరున్నీసా డబ్బాలో ఏముందో తెలిసి
రెండేళ్లు.
తను రోజూ కనిపిస్తుంది,
గుండ్రటి ఆకుపచ్చ బిళ్లలో
పేరు మొదటి అక్షరమై.

పక్క గుంట కావిలి పెంచల ప్రసాదు
దూరవిద్యలో బీఏ.
తెప్ప మీద నిలబడి మేత చల్లుతుంటే
ఒక చెవిలో చరిత్ర.
ఈ గట్టున శాతవాహనులతో బయల్దేరి
ఆ గట్టుకి ఇక్ష్వాకుల్లో దిగుతాడు.
"అర్థమైందా?" అంటుంది రికార్డులో గొంతు,
జవాబుకి ఆగకుండా ముందుకి పోతుంది.
"అర్థం కాలా సార్!"
గుంట మధ్యలోంచి అరుస్తాడు వీడు.
కొంగలు లేస్తాయి.
మాస్టారు మాత్రం అశోకుణ్ణి దాటడు.

మొన్న పరీక్ష రాసొచ్చి
పేపరు ఊసే లేదు, బెంచీ సంగతే చెప్పాడు.
"అక్కా, నా పక్కన అల్లూరాయన, అరవై ఉంటయి.
రెండేళ్లుగా మాదొకటే క్లాసంట!
పెన్ను రాయకపోతే నాదిచ్చినా.
కాలేజీ అంటే అట్టుంటది గామోసు."

ఇంక ఈ సోమవారం.
మబ్బేసింది, గాలి లేదు.
మీటింగు మధ్యలో కరెంటు పోయింది.
ఏరియేటర్లు ఒకటొకటిగా
చేతులు దించేశాయి.
"ఆ, ఇప్పుడు క్లియర్‌గా ఉంది," అన్నారు సార్,
"వాన తగ్గినట్టుందే."
రొయ్యలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి.
మీకు నా గొంతు బాగా వినపడుతోందంటే
ఇక్కడ ఊపిరాడటం లేదని సార్.
చెప్పలేదు. చెప్పుల్లేకుండా పరిగెత్తాను.
డీజిలింజను హ్యాండిలు నా వల్ల కాలేదు.
చెవిలో ఇంకా పాఠం వేలాడుతుండగానే
గట్టు దూకి వచ్చాడు ప్రసాదు.
ఆ చివర వాడు, ఈ చివర నేను,
నాలుగోసారికి దగ్గి, అంటుకుంది.

చేతులు తుడుచుకుని వచ్చేసరికి
బీరువా ముందు ఎవరూ లేరు.
మీటింగయిపోయింది.
ఒక్క బిళ్ల మాత్రం ఇంకా పచ్చగా.
"యాడికి పోయినావే?
ఇంతకీ ఇయ్యాళ ఏం కూర?"
నీళ్లు మళ్లీ ఎగురుతున్నాయి,
దాని మాట సగమే వినపడింది.
వానే, అన్నాను.
మంచి వాన.